సుద్దముక్కల డబ్బాలో మాత్రలు

నర్సమ్మకు క్షయ అంటుకున్నది ఆస్పత్రి గదిలోనే. ఆ గదికున్న ఒక్క కిటికీకీ ఫైళ్ల బీరువా అడ్డం పెట్టారు. పై ఆఫీసువాళ్లు మాత్రం కాగితం మీద "ఇంట్లో సోకింది" అని రాసుకున్నారు. ఆవిడ సంతకం పెట్టేసింది. ఆరు నెలలు మాత్రలు మింగి, మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది.

ఆ గదికే రోజూ మాత్రల కోసం ట్యూషన్ మాస్టారు వచ్చేవారు. ఆయనదీ అదే జబ్బు. నర్సమ్మ ఎదురుగానే మింగాలన్నది అక్కడి నియమం. "ఇంటికివ్వండి, వేసుకుంటాను" అని ఆయనంటే, చదువుకున్నాయన కదా అని నమ్మి ఇచ్చేసింది. నెల తిరిగేసరికి ఆయన కఫంలో క్రిములు అలాగే ఉన్నాయి.

డాక్టరుగారు విసుక్కున్నారు. "వద్దన్నవాడికి వైద్యమేంటమ్మా? పేరు కొట్టెయ్."

"పేరు కొట్టేస్తే దగ్గు ఆగుతుందాండీ?" అంటూ ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

మాస్టారి ట్యూషన్‌ది ఇరుకు గది, మూసిన తలుపులు, మోకాళ్లు తగిలేలా పన్నెండుమంది పిల్లలు. బోర్డు ముందు మాస్టారు దగ్గుతున్నారు. నర్సమ్మ పిల్లల్ని ఇళ్లకు పంపేసి, కూర్చోబోతూ బల్ల మీది సుద్దముక్కల డబ్బా జరిపింది. గలగలమంది. లోపల నెల మాత్రలు!

"లెక్కల మాస్టారు కదా, ఇవి ఎన్నో చెప్పండి చూద్దాం."

"పదింటికి మీ వరసలో నిలబడితే ఊరంతా చూస్తుంది. రేపు ఒక్క పిల్లా రాదు. మీకేం, చల్లటి ఉద్యోగం!"

"నాకేమా? ఈ జబ్బు నాకూ వచ్చింది. ఎవరి దగ్గుతోనో నేను అడగలేదు."

మాస్టారు డబ్బా దాచబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"మందు మానడం మీ ఇష్టమే అనుకోండి. ఆ పిల్లల ఊపిరి మీ సొత్తు కాదు. క్రిములు పోయాయని తేలేదాకా ఈ గది మూసెయ్యాలి. తెరిచారో, అధికారికి నేనే రాస్తాను. వీధి మొత్తానికి పరీక్షలు పెడతాం, మీ పేరు నా నోట రాదు. రేపట్నుంచి పొద్దున ఆరింటికి నేనే వస్తా. మింగి నోరు తెరిచి చూపించండి."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్నా?"

"చిన్నపిల్లలైతే చెప్పినమాట వింటారు."

పరీక్షల్లో ట్యూషన్ పిల్లల్లో ఒక పాపకు సోకిందని తేలింది. "దానికి మందు నేనే దగ్గరుండి మింగిస్తా" అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ.

"ముందు మీవి మింగండి, చాలు."

మూడో నెలలో మాస్టారి కఫం శుభ్రపడింది, ట్యూషన్ తెరుచుకుంది. ఈసారి తలుపులు, కిటికీలు బార్లా తీసి. పాప కోలుకుంటోంది.

ఆస్పత్రిలో బీరువా మాత్రం కదల్లేదు. అది తీయాలనీ, మందులు పొద్దున్నే ఇవ్వాలనీ, నర్సమ్మ కాగితంలో అబద్ధం కొట్టెయ్యాలనీ ఊరివాళ్లం అర్జీ రాసి మందులిచ్చే బల్ల దగ్గర పెట్టాం. అయ్యా, అమ్మా, అటు వెళ్లినప్పుడు సంతకం పెట్టండి. పెట్టి ఊరుకోకండి, బీరువా ఎప్పుడు జరుపుతారని అడిగి మరీ రండి.