కుర్రుమంటే టీ తెప్పించు

మా పక్కంగడి జిరాక్స్ సారు పోయారని ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చర్చిలో ప్రార్థన ముగిశాక మెట్లు దిగి, చెప్పులు వేసుకోవడానికి వంగి, అలాగే ఒరిగిపోయారట. ఆ సమయానికి నేను ఒక కుక్కర్‌కు పిడి బిగిస్తున్నాను. "సరే" అని ఫోన్ పెట్టేసి, మిగిలిన మర కూడా బిగించాను. పిడి కదులుతోందేమోనని రెండుసార్లు ఊపి చూశాను. కదల్లేదు. అప్పుడు లేచి చొక్కా వేసుకున్నాను.

ఏడవలేదు. ఇది రాసేటప్పటికీ ఏడవలేదు. పన్ను పీకే ముందు డాక్టర్ సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నాదే, కానీ నాది కాదు.

నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. కదిరి బస్టాండు పక్క సందులో స్టవ్వులు, కుక్కర్లు బాగు చేస్తాను. ఖాళీ దొరికితే పక్కవాళ్ళను ఏడిపిస్తాను. సారు ఒకప్పుడు టైపు నేర్పే పంతులు. టైపు మిషన్లు మూలపడ్డాక జిరాక్స్ అంగడి పెట్టారు. వేరుశనక రైతుల పాసుపుస్తకాలు, పిల్లల మార్కుల పట్టీలు, పింఛను కాగితాలు, ఈ చుట్టుపక్కల ఊళ్ళవన్నీ ఆయన స్కానర్ అద్దం మీద ఒక్కసారైనా బోర్లా పడుకున్నవే.

ఆ స్కానర్ ముసలిది. కంప్యూటర్‌ను నడిపే సిస్టం, అందరూ వాడేది, కొత్తగా మారినప్పుడు ఈ స్కానర్‌ను గుర్తుపట్టడం మానేసింది. ఇంకొకరైతే స్కానర్‌ను పారేసేవారు. ఈయన సిస్టంను పారేసి, ఉచితంగా దొరికే లినక్స్ అనే ఇంకో సిస్టం వేసుకున్నారు.

"ఏమి సార్, ఊర్లో ఎవురికీ లేని రోగం మీకెందుకు?" అన్నాను.

"నీ స్టవ్వు మాదిరే ఇది. మూత విప్పితే లోపలుండేదంతా కనపడుతాది. విప్పొద్దని ఎవురూ అనరు."

మొదట్లో అది రోజూ మొరాయించేది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చేవి. సారు తిట్టేవారు కాదు. కళ్ళద్దాలు పైకి జరిపి, ఉత్తరం చదివినట్లు చదివేవారు.

"ఏమంటాంది సార్?"

"స్కానర్ ముట్టుకునేకి నీకు అధికారం లేదంటాంది."

"బాగుండాదే! ఆఫీసుల్లో చాలక అంగట్లో కూడానా?"

ముట్టుకోదగినవాళ్ళ పట్టీలో ఆయన తన పేరు ఎక్కించారు. అయినా పనిచేయలేదు. నేను పళ్ళు ఇకిలించాను. "పేరెక్కిస్తే చాలదప్పా. ఒకతూరి బయటికి పోయి మళ్ళా లోపలికి రావాల. అప్పుడే గుర్తుపడుతాది" అని సారు సిస్టం నుంచి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళారు. నడిచింది.

ఆయనకు రెండు అలవాట్లు. ఒకటి, ఒకేసారి రెండు మార్పులు చేసేవారు కాదు. "రెండూ మార్చి బాగైతే, దేంతో బాగైందో యాడ తెలుస్తాది?" అనేవారు. ఆ మాట విన్నాకే నేను స్టవ్వుకు వాషరు, జెట్టు కలిపి మార్చడం మానేశాను. రెండోది, బాగైందో లేదో చూడ్డానికి ఎప్పుడూ కాగితం పెట్టేవారు కాదు. తన అరచెయ్యి పెట్టేవారు. "కాగితం యాడుండాదో వెతకాల. చెయ్యి నాతోనే వస్తాది కదప్పా."

ఇక నా ఘనకార్యం. స్కానర్‌ను ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మోసేటప్పుడు లోపలి దీపం కదలకుండా అడుగున చిన్న మీట ఉంటుంది. తిప్పితే దీపం బిగుసుకుంటుంది. అప్పుడు స్కాన్ కొడితే మిషన్ కుర్రుమని అరిచి ఆగిపోతుంది. ఒకరోజు ఆయన టిఫినుకు వెళ్ళినప్పుడు తిప్పేశాను.

మూడు రోజులు తిప్పలు పడ్డారు. తీగె మార్చారు. నల్ల తెరను అడిగితే స్కానర్ ఉందనే చెప్పింది. ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ రాశారు. నాలుగో రోజు ఏ దేశంవాడో జవాబిచ్చాడు: అడుగున మీట చూశారా అని. సారు మీట చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను మహా శ్రద్ధగా స్టవ్వుకు పంపు కొడుతున్నాను. వేరే ఎవరైనా అయితే నా చొక్కా పట్టుకునేవారు. ఆయన ఆ దేశంవాడికి ధన్యవాదాలు రాసి, రెండు టీ చెప్పి, నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టారు.

"చెయ్యి కడుక్కోనొస్తా, కూచో" అని బయటికి వెళ్ళిపోయారు.

నేను మీట వెనక్కి తిప్పేశాను. ఆయన వచ్చి అరచెయ్యి పెట్టారు. నడిచింది. ఇద్దరం టీ తాగాం. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో నేను తిప్పడం, ఆయన టీ తెప్పించి బయటికి వెళ్ళడం. నాకు కావలసింది ఆ టీయేనని ఆయనకు తెలుసనుకుంటాను.

ఆయన పోయే ముందురోజు, శనివారం సాయంత్రం, సారు షట్టర్ దించే కొక్కెం కోసం వెతుకుతుంటే మీట మళ్ళీ తిప్పాను. సోమవారం టీ ఖాయమనుకున్నాను.

సమాధి అయింది. ప్రార్థనలయ్యాయి. పది రోజులకు ఆయన భార్య అంగడి తెరిచింది. మేమంతా ఆమెను అక్కా అంటాం. అంతవరకు లామినేషన్, పిన్నులు కొట్టడం ఆమె పని. స్కాన్ కొట్టి చూసింది. కుర్రుమంది. ఆ చప్పుడు నా అంగడి దాకా వినపడింది. పది రోజులుగా ఆ మీట నాకు గుర్తే లేదు. నిజంగా లేదు.

కంప్యూటర్లు బాగుచేసే ఒకతను వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఈ సిస్టం మాకెవురికీ రాదక్కా. రెండూ తీసి పారెయ్యి. కొత్తది పెట్టుకో."

"నాకు కొత్తది రాదప్పా. ఆయన నేర్పిచ్చింది ఇదే. ఇది నడిస్తే అంగడి నడుపుతా. నడవకపోతే తాళమేసి గుమ్మఘట్టకు, మా తమ్మునింటికి పోతా" అంది. అతను వెళ్ళిపోయాడు.

నేను వాకిట్లో నిలబడ్డాను. చెప్పాలి. ఇంత నోరున్నవాడికి ఆ ఒక్క మాట రాలేదు. వెనక్కి నా అంగడికి వెళ్ళి, ఎవరిదో స్టవ్వు వెలిగించి, ఆర్పేసి, మళ్ళీ వచ్చాను.

అక్క సొరుగులోంచి పొడుగు నోటుపుస్తకం తీసి పెట్టుకుంది. తాను లేనప్పుడు స్కానర్ ఆగితే ఏం చేయాలో సారు ఆమె కోసం రాసిపెట్టినది. వేలు పెట్టి పైకి చదువుతూ ఒక్కొక్కటే చేస్తోంది.

"తీగె రెండు కొసలూ పీకి పెట్టు. పెట్టినా. నల్ల తెరలో ఈ మాట కొట్టు, మిషన్ పేరు కనపడాల. కనపడింది. అధికారం లేదంటే బయటికి పోయి లోపలికి రా. అట్లేమీ అనలేదు." పేజీ తిప్పింది. "అన్నీ సరిగ్గా ఉండి, కుర్రుమని ఆగితే, రెండు టీ తెప్పించు. పక్కంగడోన్ని కుర్చీలో కూచోబెట్టు. నువ్వు బయటికి పో. ఏమీ అడగొద్దు."

చదవడం ఆపేసింది. ఆ వరసను మళ్ళీ ఒకసారి మనసులో చదువుకుంది. నా వైపు చూడలేదు.

"ఏమప్పా, రెండు టీ!" అని టీ అంగడికి కేకేసి, "కూచో" అంది నాతో. బయటికి వెళ్ళి, వీపు నావైపు పెట్టి, రోడ్డు చూస్తూ నిలబడింది.

మీట వెనక్కి తిప్పాను. చిన్న చప్పుడు.

ఆమె వచ్చి అద్దం మీద అరచెయ్యి పెట్టింది. తెల్లటి వెలుగు గీత ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. చెయ్యి బొమ్మ తెర మీద పైనుంచి కిందికి గీత గీతగా దిగి, పాత బొమ్మల చివర చేరింది. అన్నీ చేతులే, వరసలు వరసలుగా. అన్నీ సారువే. అన్నిట్లో బొటనవేలికి జిరాక్స్ మిషన్ నల్లపొడి మరక.

అక్క అద్దం మీద నుంచి చెయ్యి తీసింది.

"ఇప్పుడు నీది పెట్టు."

"నాదెందుకక్కా?"

"తిప్పిన చెయ్యి ఉండాది చూడు, అది. పెట్టు."

పెట్టాను. అద్దం చల్లగా ఉంది. వేళ్ళ సందుల్లోంచి వెలుగు దాటిపోయింది. ఆమె చెయ్యి పక్కన, ఆయన చేతులన్నిటి చివర, మసి పట్టిన నా గీతలు ఒక్కొక్కటే తెర మీదికి దిగాయి.