మెట్ట–పల్లం వారి ఎనిమిది పాటలు

జంగారెడ్డిగూడెం బస్టాండులో మైకు ముందు కూర్చునే దేవకుమారి గొంతు ఎరగని ప్రయాణికుడు ఆ చుట్టుపక్కల లేడు. "కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి మీదుగా రాజమండ్రి వెళ్ళే బస్సు" అంటున్నప్పుడు, చివరి ఊరి దగ్గర ఆమె గొంతు కాస్త కిందికి దిగి, ఓ క్షణం ఆగి, అప్పుడు ముగిసేది. జీడిమామిడి తోటల్లో పనికి పోయే ఆడవాళ్ళు ఆమెలాగే పలికి నవ్వుకునేవాళ్ళు.

ఆ ఆగడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. లూథరన్ చర్చి కోయిర్‌లో అందరూ తాళం మీద అందుకుంటే, దేవకుమారి తాళం దాటాక అందుకునేది. గొంతు బంగారమే గానీ ఎప్పుడూ వెనకబడుతుందని ఆమెను ఆఖరి వరసలో నిలబెట్టారు. పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ఆమె ఆ వరసలోనే ఉంది.

పల్లంరాజుది ఉప్పాడ, వేట మీద బతికే కుటుంబం. అన్నదమ్ములందరూ సముద్రం మీదికి వెళ్ళారు. అతనికి మాత్రం పడవెక్కితే వాంతులు. అందుకని మీసాలు రాకముందే కాకినాడలో పెళ్ళి బ్యాండులో చేరి, క్లారినెట్టు నేర్చి, తర్వాత శాక్సఫోన్ పట్టాడు. ఊరేగింపుల్లో సినిమా పాటలు వాయించేవాడు. ఇంటికి వచ్చాక ఫోన్లో జాజ్ వినేవాడు. ఆ వాయించేవాళ్ళ పేర్లు పలకడానికి అతనికి నోరు తిరగదు గానీ, వాళ్ళ ఊపిరి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మళ్ళీ మొదలవుతుందో తెలుసు.

ఒక పెళ్ళికి వాయించి బ్యాండు తిరిగి వెళ్తున్న రోజున, జంగారెడ్డిగూడెం బస్టాండులో అతను దేవకుమారి గొంతు విన్నాడు. తోటివాళ్ళు బస్సెక్కారు. అతను ఎక్కలేదు. శాక్సఫోన్ పెట్టె పట్టుకుని ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏ ఊరెళ్ళాలండీ?" అంది దేవకుమారి.

"ఉప్పాడండి. నా బస్సు వెళ్ళిపోయిందిలెండి. మీరేమీ అనుకోనంటే ఒక మాట. మీరు పాడతారాండీ?"

చర్చిలో పాడతానని, అదీ వెనక వరసలోనని చెప్పిందామె.

"అందరూ తాళాన్ని పట్టుకుని నడుస్తారండి. మీరు దాన్ని ముందు పోనిచ్చి, వెనకాల తాపీగా వస్తారు. నేను ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది ఆ నడకేనండి" అన్నాడు పల్లంరాజు.

ఇన్నాళ్ళూ తప్పన్నదాన్ని ఒకాయన కావాలన్నాడని ఆ సాయంత్రం ఆమె భర్త జాషువాకి చెప్పింది. హైస్కూల్లో లెక్కల మాస్టారైన జాషువా నవ్వలేదు. ఫోన్ నంబరు తీసుకుని, తనే పల్లంరాజుని ఇంటికి పిలిచాడు.

అప్పటి నుంచి వీలైన ఆదివారమల్లా ఆరాధన అయిపోయాక చర్చి హాల్లో సాధన. పల్లంరాజు ఉప్పాడ నుంచి బస్సులు మారి వచ్చేవాడు. ఆమె అతన్ని బాబాయ్‌గారనేది. అతను అమ్మా అనేవాడు. మాటలు ఆమె రాసేది, బాణీలు ఇద్దరూ కట్టేవాళ్ళు. ఆమెది మెట్ట ఊరు, అతని పేరులోనే పల్లం ఉంది కాబట్టి జంటకి 'మెట్ట–పల్లం' అని పేరు పెట్టింది జాషువానే.

ఎనిమిది పాటలయ్యాక రాజమండ్రిలో సురేష్‌బాబు స్టూడియోకి వెళ్ళారు. భక్తి పాటలు, జానపదాలు రికార్డు చేసే చిన్న స్టూడియో అది. మొదటి పాట కాగానే సురేష్‌బాబు, ఆమె ప్రతి లైనూ ఆలస్యంగా వస్తోందని, కంప్యూటర్లో అన్నీ తాళం మీదికి జరిపేస్తానని అన్నాడు. పల్లంరాజు ఏదో చెప్పబోయాడు. ఆమె ఆపింది.

"నేను ఆలస్యంగా రావట్లేదండి, ఆగి వస్తున్నాను. జరపకండి."

కోయిర్‌లో అంతకాలం అనలేకపోయిన మాట అది. సురేష్‌బాబు ఇంకోసారి విన్నాడు. ఇంకేమీ ముట్టుకోలేదు.

ఆల్బమ్ యూట్యూబ్‌లో పెట్టాక రెండు నెలలు ఎవరికీ పట్టలేదు. తర్వాత ఆరో పాట, 'పోనీలే', ఎలా అంటుకుందో అంటుకుంది.

పోనీలే ఆఖరి బస్సు, పోనీలే
చెప్పని మాటొకటుంది, ఉండనీలే

ముందు డ్రైవర్ల పెన్‌డ్రైవుల్లోకి ఎక్కింది. ఆ తర్వాత ఆటోలు, రీల్సు, కాలేజీ ఫంక్షన్లు. ఆ వేసవిలో పెళ్ళి బ్యాండులన్నీ అదే వాయించాయి. పల్లంరాజు ఊరేగింపులో తన పాటే తను వాయిస్తుంటే పక్కవాళ్ళకి తెలియలేదు. బస్టాండులో జనం కిటికీ దగ్గరికొచ్చి, ఏ బస్సూ అడక్కుండా ఆమెను చూసి వెళ్ళేవాళ్ళు.

హైదరాబాదు కంపెనీ ఒకటి పిలిచి, అలాంటిదే ఇంకోటి కావాలంది. వీళ్ళు చేశారు. ఈసారి ఆమె గొంతుని వాళ్ళు తాళం మీదికి జరిపేశారు, అడగనైనా అడగలేదు. ఆ పాట వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. మళ్ళీ ఎవరూ పిలవలేదు. పాపం ఒక్క పాటతో ఆగిపోయారని ఊళ్ళో అంటుంటే దేవకుమారికి బాధ కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఆగిపోవడమేమిటి, మిగతా ఏడూ ఉన్నాయిగా అనేది జాషువాతో.

కిందటేడు ఉప్పాడ నేత సంఘం వాళ్ళు తమ వార్షికోత్సవానికి పిలిచారు. వేదిక ఎక్కగానే 'పోనీలే' అని అరుపులు మొదలయ్యాయి. దేవకుమారి మైకు అందుకుంది.

"అది ఆరో పాటండి. వరసలో వస్తుంది. అందాకా కూర్చుంటే సంతోషం, వెళ్తానంటే కోపం లేదు."

కొందరు లేచి వెళ్ళారు. చాలామంది కూర్చున్నారు. నాలుగో పాట పల్లంరాజు పుట్టిన వీధి గురించి. ఆ వీధి ఇప్పుడు లేదు, సముద్రం తీసుకుపోయింది. పాటలో ఏడుపుండదు. ఏ గుమ్మం తర్వాత ఏ గుమ్మమో చెప్పుకుంటూ పోవడమే. ఒక్కో ఇంటి దగ్గరా ఆమె ఆగేది, ఆ ఖాళీలో శాక్సఫోన్ నెమ్మదిగా ఆ ఇంట్లోకి వెళ్ళి వచ్చేది.

పాట అయ్యాక చప్పట్లు కొట్టలేదెవరూ. ముందు వరసలోంచి పెద్దింట్లమ్మ అనే చేపలమ్మే ముసలావిడ లేచి నిలబడింది.

"బాబూ పల్లంరాజూ, మా గుమ్మం కూడా చెప్పారు కదా. ఇంకోసారి చెప్పించయ్యా."

పల్లంరాజు దేవకుమారి వైపు చూశాడు. ఐదో పాట మొదలుపెట్టాల్సిన ఆమె, వెనక్కి తిరిగి చీర చెంగు సర్దుకుని, మళ్ళీ నాలుగో పాటే ఎత్తుకుంది. ఈసారి వింటున్నవాళ్ళు కూడా ప్రతి గుమ్మం దగ్గరా ఆమెతో పాటే ఆగారు.

ఆ రోజు 'పోనీలే' కూడా పాడారు, దాని వరసలో. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ మీ హిట్టు పాట ఏదండీ అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, దేవకుమారి తడుముకోకుండా నాలుగోదని చెబుతుంది.