పీతలా నడిచిన పైపు

చిన్నీ, బుజ్జీ! పోయిన నెల నేను పని మీద విశాఖ వెళ్లినప్పుడు మీరు నాగపూర్‌లో మన ఇంటి నుంచి ఫోన్ చేసి "అమ్మా, పిన్నీసులేవి?" అని అడిగారు కదా. ఫోనుకి ఇవతల ఆ రోజు ఏం జరిగిందో మీకు ఇంతవరకూ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. ఇప్పుడు వినండి.

విశాఖలో, ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక జాలరి వీధి. అక్కడ కమ్యూనిటీ హాలు కడుతున్నారు. స్తంభాల కోసం నేలలోకి డ్రిల్ దింపాలి. ఆ వీధికి నీళ్లిచ్చే పాత ఇనప పైపు కూడా ఆ నేలలోనే ఉంది. ఎక్కడుందో చెప్పే డ్రాయింగ్ లేదు. డ్రిల్ తగిలిందా, వీధి మొత్తానికి నీళ్లు బంద్! తవ్వకుండా పైపు జాడ చెప్పాలి. అదీ నా పని.

ఏ పద్ధతి వాడాలా అని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. రాడార్ బండి తోద్దామంటే, సముద్రపు ఉప్పుతేమలో దాని తరంగం జానెడు దిగేలోపే చచ్చిపోతుంది. కరెంటు పంపి చూద్దామంటే మేకులు దిగగొట్టాలి, పైనంతా సిమెంటు. ఇక మిగిలింది ఇనుముని పసిగట్టే మాగ్నెటోమీటర్. దాన్నే తీసుకెళ్లాను.

దాని దగ్గర వేరే ఇనుము ఉండకూడదు. నా చాదస్తం మీకు తెలుసుగా! పడవల లంగర్లు మోయించాను. సైకిళ్లు తీయించాను. సాయానికొచ్చిన అప్పన్న చేత బెల్టు కూడా విప్పించాను.

"బావా, పేంటు జారిపోద్దేటో సూసుకో!" అని పక్కవాడు ఒకటే నవ్వు.

నా ఫోను అరుగు మీద కూర్చున్న నూకాలమ్మగారి చేతికిచ్చి, "పెద్దమ్మా, పిల్లలు చేస్తే పిలవండి" అన్నాను.

ఛాతీ ఎత్తున సెన్సార్ ఉన్న కర్ర పట్టుకుని బయల్దేరాను. అడుగడుక్కీ వంగి అంకె చూడటం, అంకె ఎగిరినచోట సుద్దతో గుర్తు పెట్టడం. అనుమానమొస్తే మళ్లీ వంగడం. విచిత్రం! ఎంత జాగ్రత్తగా చూస్తే అంత పైపు!

నూకాలమ్మగారు నా సుద్ద గీత చూశారు. "ఏటమ్మా ఇది? పైపేసినోడు తాగేసినాడేటి? పీతలాగ నడిసింది!"

"పాత లైన్లు అలాగే ఉంటాయి పెద్దమ్మా," అన్నాను, పరువు పోకుండా.

నా గీతని నమ్మి వీధి చివర డ్రిల్ ఇంజను స్టార్ట్ చేశారు. సరిగ్గా అప్పుడే మీ ఫోను. ఆవిడ ఏం నొక్కారో, స్పీకర్ ఆన్! చిన్నీ, నీ గొంతు వీధంతా వినిపించింది: "అమ్మా! తమ్ముడి స్కూలు బెల్టు హుక్ ఊడిపోయింది. ఇంట్లో ఒక్క పిన్నీసూ లేదు. అన్నీ నీ గొలుసుకే తగిలించుకుపోయావు!"

చెయ్యి మెడ మీదికి పోయింది. మీకెప్పుడు అవసరమొస్తుందోనని ఏళ్లుగా మోస్తున్న పిన్నీసుల గుత్తి! నేను వంగినప్పుడల్లా వెళ్లి సెన్సార్‌కి ముద్దుపెట్టి వస్తోంది!

నీకు "పక్కింటి ఆంటీనడుగు" అని చెప్పేసి, "డ్రిల్ ఆపండి!" అని అరిచాను.

అప్పన్న నా గొలుసు చూశాడు. "నా బెల్టిప్పించినారు. మీ మెళ్లో ఇనప కొట్టెట్టినారేటమ్మా?"

గుత్తి తీసి మళ్లీ మొదటినుంచీ నడిచాను. ఈసారి గీత తాడు లాగినట్టు తిన్నగా వచ్చింది. ఎక్కడికి? సరిగ్గా రెండో స్తంభం గుర్తు కిందికి! స్తంభాన్ని పక్కకి జరిపించాం.

సాయంత్రం కొళాయిలో నీళ్లు ఎప్పటిలాగే వచ్చాయి. నూకాలమ్మగారు బిందె పెడుతూ, "నీ పిల్లలు సల్లగుండాలమ్మా. ఆళ్ల బెల్టూడబట్టి మా పైపు మిగిలింది" అన్నారు.

గుత్తి మళ్లీ మెడలోనే ఉంది. మీకెప్పుడేం ఊడుతుందో ఎవరికి తెలుసు! ఈ కథ మీ నాన్నకి, పక్కింటి ఆంటీకి, రేపు మీ పిల్లలకీ చెప్పండి. ఎంత నవ్వుకున్నా పరవాలేదు. కానీ పద్ధతి మాత్రం అమ్మ సరిగ్గానే ఎంచుకుందని, ఆ ఒక్క ముక్కా మర్చిపోకుండా చెప్పండి.