మొప్పలు లేని చేప

నిన్న సౌదీలోని ఖఫ్జీలో మా క్యాంపు మెస్సుకు వచ్చిన చేపల అట్టపెట్టె విప్పబోతే, దాని మీద పెద్ద అక్షరాలతో హేక్ అని అచ్చువేసి కనబడింది, చేతిలో పని వదిలేసి కాసేపు దాన్నే చూస్తూ నిలబడిపోయాను. నాలాగే గల్ఫులో తల నెరిసినవాళ్ళు ఈ చేపను తినే ఉంటారు, కాకపోతే దాని సొంత పేరుతో కాదు. ఆ పేరు పైకి చెప్పినందుకే ఒకప్పుడు జుబైల్‌లో నా ఉద్యోగం ఊడింది, ఇవాళ మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

ఉప్పాడ ఒడ్డున మా అమ్మ చేపలమ్మేది. బేరానికి వచ్చినవాళ్ళు నోరు తెరవకముందే మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించేది, అది చూపకుండా ధర చెప్పడం మా ఇళ్ళలో ఆడవాళ్ళెవరికీ అలవాటు లేదు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి జుబైల్‌లో ఒక చేపల కొట్లో కోత పనికి చేరితే, నా ముందుకు వచ్చిన ఈ చేపకు తలే లేదు, ఇక మొప్పలెక్కడ ఎత్తి చూడను?

దీని పుట్టుపూర్వోత్తరాలు నాకు చెప్పింది నాతో గదిలో ఉండే మంగళూరాయన. ఆయన అంతకుముందు దక్షిణాఫ్రికా దిగువన చల్లటి సముద్రంలో వలల ఓడల మీద పనిచేశారు. పగలంతా లోతున అడుగునే పడుంటుందని, చీకటి పడ్డాక మేతకు పైకి లేస్తుందని, ఆకలేస్తే పెద్దవి తమ జాతి పిల్లల్నే మింగేస్తాయని చెప్పేవారు. కండ మరీ మెత్తన కనుక ఒడ్డు చేరేదాకా ఆగదట, ఓడ మీదే తల తీసి గడ్డకట్టించేస్తారట. అడుగును గీరుకుంటూ పోయే ఆ వలల్లో గుడ్డు పెట్టే ఈడు రాని పిల్లలు పడినప్పుడు మాత్రం ఆయనకు అన్నం సయించేది కాదట.

నేను కోసేది వెనక గదిలో, ముందు నిలబడి అమ్మేది కొట్టు చూసే ముదీర్. అందువల్ల నా చేతి ముక్కలు ఏ పేరుతో పోతున్నాయో చాలాకాలం నాకు తెలియలేదు. ఒకరోజు ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసే మా గోదారి జిల్లా ఆవిడ వచ్చి, నా మాట యాస పట్టుకుని వెనక్కి తొంగిచూసింది.

"అన్నయ్యా, కిందటిసారి ఇక్కడ కొన్న హమ్మూర్ గిన్నెలోనే ఇడిపోయిందండి. నేనే పాడుచేశానంటంది మా మేడమ్. ఈ శుక్రవారం చుట్టాలొస్తన్నారు, మళ్ళీ అలాగైతే ఇంటికి పంపించేత్తదంట."

హమ్మూర్ గట్టి చేప, మసాలా పులుసులో ఎంతసేపు ఉడికినా ముక్క చెదరదు. ముదీర్ ఆవిడకు తూస్తున్నది హేక్. నా ఒళ్ళు మండిపోయింది. కత్తి పక్కన పెట్టి ముందుకొచ్చి, "అమ్మా, ఇది హమ్మూర్ కాదు, హేక్. వేపుడుకు బంగారంలా ఉంటుంది, పులుసులో మాత్రం వేయకు" అని అందరి ముందే చెప్పాను.

"తేరా కామ్ కాట్నా హై, బోల్నా నహీ" అన్నాడు ముదీర్. కొయ్యడమే నీ పని, మాట్లాడటం కాదన్నమాట. నాకు వచ్చిన హిందీ అంతా కూడదీసుకుని, తల లేని చేపకు అమ్మేవాడి మాటే మొప్ప అని, అది కుళ్ళితే ఇక చూపించడానికి ఏమీ మిగలదని బదులిచ్చాను. నెల తిరిగేసరికి నా ఇకామా, అదే అక్కడ ఉండి పనిచేసే అనుమతి, ఇక రెన్యూ చేసేది లేదన్నారు. బతిమాలితే మనసు మారేదేమో, నేను బతిమాలలేదు. ఆవిడ మాత్రం వేరే కొట్లో అసలు హమ్మూర్ కొనుక్కుంది, విందు నిలిచింది, కొలువూ నిలిచింది. ఆ కబురు చెప్పడానికి పనిగట్టుకుని వచ్చి, నా కత్తి దగ్గర ఇంకొకణ్ణి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుందట.

వేరే వీసా మీద మళ్ళీ ఈ దేశమే వచ్చాను. ఇప్పుడు పెట్టెల మీద పేరు నిజమే ఉంటోంది. చదివేవాళ్ళే లేరు. ఆ చేప ఏ నీళ్ళలో తిరిగిందో, గుడ్లు పెట్టిందో లేదో అడిగేవాళ్ళు అసలే లేరు. మొప్ప ఎత్తి చూపిన అమ్మ లేదు, పిల్ల చేపలకు బాధపడిన మంగళూరాయనా లేరు. మా మెస్సు బోర్డు మీద ఫిష్ అని రాస్తే చాలదా తాతా అంటారు కుర్ర వంటవాళ్ళు. చాలదు. సుద్దముక్క తీసుకుని నేనే వెళ్ళి హేక్ అని రాసి వస్తాను.