ఫోగ్ అంటే పొగ కాదు

ఆ రోజుల్లో, సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో నేను కొత్తగా నర్సుగా చేరిన రోజుల్లో, నాకు నిద్ర తప్ప వేరే కోరిక ఉండేది కాదు. అందరూ దేవుణ్ణి ఇల్లూ కారూ అడుగుతుంటే, నేను ఒక్క శుక్రవారమైనా కంటినిండా పడుకోనివ్వు తండ్రీ అని ప్రార్థన చేసేదాన్ని. ఎంతమంది సౌదీవాళ్లకి ఉద్యోగాలిచ్చారో చూసి రంగులేసే నితాఖత్ లెక్కలో మా ఆసుపత్రి పచ్చరంగులో ఉందా, ఎరుపులోకి దిగిందా అన్నదే డ్యూటీలో అందరి దిగులు. ఎరుపైతే మా ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు, రెన్యువల్ కావు. ఇంటికొస్తే మా ఆయన దిగులు. నా వీసా మీద డిపెండెంటుగా వచ్చిన మనిషికి పని చేసే హక్కు లేదు గానీ, ఇక్కడ గాలి పీల్చుకున్నందుకు ఏటేటా పెరిగే లెవీ మాత్రం కట్టాలి. రాజోలు దగ్గర మా చర్చికి బల్లలన్నీ చేసిన వడ్రంగి ఆయన. ఇక్కడ నాకు అన్నం వండి, బట్టలు మడత పెట్టేవారు.

"ఊరికే కూర్చుంటే చేతులు పుచ్చిపోతాయే" అంటూ మేడ మీద మా వాటా పక్కనున్న చిన్న గదిలో, ఎవరో పారేసిన చెక్కలతో పీటలూ అలమరలూ చేసుకునేవారు (మాకోసమే, అమ్మితే నేరం). చలికాలం వచ్చేసరికి (సౌదీ అంటే ఎడారేగా అనేవాళ్లు ఖమీస్ చలి చూడలేదు) ఆ గదిలో జిగురు ఆరదు, ఆయన వేళ్లు వంగవు. "ఇంటికెళ్లిపోతానే" అన్న మాట మొదటిసారి ఆ చలిలోనే అన్నారు. సరిగ్గా ఆ వారమే, కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు ముసలాయన, మేము బాబా అని పిలిచే సౌదీ ఆయన, ఓ పాత ఇనప కట్టెల పొయ్యి బయట పడేయబోతుంటే ఈయన అడిగి తెచ్చుకున్నారు.

నేను నైట్ డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చానో లేదో, "ఏమేవ్, సిమెంటు పట్టేదాకా ఈ గొట్టం పట్టుకో. కదలకు" అన్నారు. గోడకు కన్నం, కన్నంలోంచి బయటికి రేకు గొట్టం. యూనిఫాం విప్పకుండానే దాన్ని కావలించుకుని నిలబడ్డాను. తర్వాత సంగతి నాకు తెలీదు. నిలబడే నిద్రపోయానట, నా బరువుకి గొట్టం కిందికి వాలిపోయి, వాలినట్టే సిమెంటు బిగిసిపోయిందట.

"లేపొచ్చు కదండీ?"

"నిన్ను లేపితే గొట్టం లేస్తుందా ఏంటి? నీ నిద్ర చెడిపోవడం తప్ప!"

కాస్త వంగితే పొగకేం తెలుస్తుందిలే అని ఆయన పొయ్యి వెలిగించారు. పొగకి తెలిసిపోయింది. క్షణంలో గదంతా కమ్మేసి ఒకరికొకరం కనబడలేదు. అంతలో తలుపు దబదబా కొట్టిన చప్పుడు. తనిఖీవాళ్లే! డిపెండెంటు వర్క్‌షాపు పెట్టాడంటే ఇద్దర్నీ పంపేస్తారు. "అలమరలో దూరండి" అని ఆయన్ని నెట్టాను.

"దీనికింకా తలుపులు పెట్టలేదే!"

"మీరు ముందు దూరండి!"

తలుపు తీస్తే బకెట్టు నీళ్లతో బాబా. తలుపుల్లేని అలమరలో మోకాళ్లు ముడుచుకుని దగ్గుతున్న మా ఆయన్ని చాలాసేపు చూశాడు. తర్వాత గొట్టం చూసి, చెయ్యి పైకెత్తి, "ఫోగ్! ఫోగ్!" అని అరిచాడు.

"అవును బాబా, పొగే, పొగే!" అన్నారు ఈయన అలమరలోంచి, కళ్లు తుడుచుకుంటూ.

"అయ్యో, ఫోగ్ అంటే అరబీలో పైకి అండీ! గొట్టం పైకి లేపమంటున్నాడు!"

బాబా బకెట్టు నీళ్లు పొయ్యిలో పోసి, అంగీ చేతులు పైకి మడిచి, గొట్టాన్ని తనే పట్టుకున్నాడు. నా మొహం చూసి "సిస్టర్, రూహీ, నామీ" అన్నాడు. వెళ్లి పడుకో అని. ఆ పూట ముసలాయనా ఈయనా కలిసి, ఒకరి భాష ఒకరికి రాకుండానే, సిమెంటు పగలగొట్టి, గొట్టాన్ని మేడ పిట్టగోడ దాటించి నిలబెట్టారు. నేను సాయంత్రందాకా లేవలేదు.

ఆ చలికాలం హాయిగా గడిచింది. ఇంటికెళ్లిపోతానన్న మాట మళ్లీ రాలేదు. కానీ పై ఏడాది ఇఖామా రెన్యువల్ వేళకి లెవీ మా తాహతు దాటిపోయింది. ఆయనకి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి, ఇక తిరిగి రాకుండా ఊరికి పంపేయక తప్పలేదు. మరుసటి చలికాలం ఒక్కదాన్నే ఆ పొయ్యి ముందు కూర్చునేదాన్ని. నా చేతికి అది అంటుకునేది కాదు. వీడియో కాల్ చేసి ఫోను పొయ్యికెదురుగా పెడితే, రాజోల్లో బనీనుతో కూర్చున్న ఆయన "ఊదవే, కిందనించి ఊదు" అంటూ తనే ఫోన్లోకి ఊదేసేవారు. మంట అంటుకున్నా వెంటనే చెప్పేదాన్ని కాదు, చెబితే ఫోను పెట్టేస్తారని. ఎంత గడుసుదాన్నో అని అప్పుడు నన్ను నేనే మెచ్చుకునేదాన్ని. ఫోనులో ఆయనకి మంట కనబడుతూనే ఉంటుందని, అయినా ఊదుతూనే ఉన్నారని, అప్పటి నాలోని ఆ పిచ్చిపిల్లకి తట్టనే లేదు.