గురువారం మీటింగ్ తప్పని మా ఓబులేసు మామ

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"మీ మామ పోయినాడు పాపా" అంది. అంతే, పెట్టేసింది.

పోయిన గురువారమే ఆసుపత్రిలో చూసి వచ్చాను. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు డాక్టర్లు. ఇంత తొందరగా అనుకోలేదు.

ప్రొద్దుటూరులో ఓబులేసు మామ తెలియనివాళ్లు తక్కువ. అమ్మకు సొంత అన్న. మా ఊరి సేవా క్లబ్‌కు ఎప్పటికీ ఆయనే సెక్రటరీ. ప్రెసిడెంట్లు ఏటా మారేవాళ్లు, మామ మారలేదు.

దువ్వూరులో కంటి క్యాంపులు పెట్టించాడు. ఎండాకాలం ముద్దనూరు స్టేషన్లో చలివేంద్రం పెట్టి గ్లాసులు తనే కడిగేవాడు. ఇదంతా నిజం.

క్లబ్ వాళ్లు నిన్నటి నుంచి మెసేజ్‌లు పెడుతున్నారు. మేనకోడలివి కదమ్మా, నాలుగు మంచి మాటలు రాయి అని.

ఆ నాలుగూ పైన రాసేశాను. మిగతావి ఇవి.

గురువారం మీటింగ్ అంటే మామకు పూజతో సమానం. టయానికి గంట కొట్టాలి, మెంబర్లందరూ రావాలి. ఎవరైనా ఒక వారం తప్పితే, పక్క ఊరి క్లబ్ మీటింగ్‌లో కూర్చుని రావాలి. దాన్ని మేకప్ మీటింగ్ అనేవాళ్లు. అక్కడ కూర్చుంటే ఇక్కడ హాజరు పడినట్టే.

మా నాన్నకు ప్రొద్దుటూరులో ఎరువుల అంగడి. పుట్టింది మాత్రం జమ్మలమడుగు పక్క పల్లెలో. అక్కడి ఫ్యాక్షన్ గొడవల్లో మా పెదనాన్నలది ఒక పార్టీ. నాన్న ఏ పార్టీలోనూ లేడు. కానీ ఆ రోజుల్లో చంపేవాళ్లకు ఇంటిపేరు చాలు. అందుకే నాన్న ఆ రోడ్డెక్కడం మానేశాడు.

ఒక గురువారం నాకు జ్వరమొచ్చి నాన్న మీటింగ్‌కు పోలేదు.

మరుసటి రోజు మామ మా ఇంట్లో ఉన్నాడు.

"పులివెందులలో చేసుకుంటాలే బావా" అన్నాడు నాన్న.

"పులివెందుల వాళ్లకు మీటింగ్ లేదు. జమ్మలమడుగుకు పో."

"ఆడికి నేను పోకూడదని నీకు తెల్దా?"

"మనకు పార్టీలు యాడుండాయి బావా? కోటుకు క్లబ్ పిన్ను పెట్టుకోని పో. సేవ చేసేటోళ్ల జోలికి ఎవడొస్తాడు?"

ఆ మాట మామ నిజంగానే నమ్మాడు. నా కడుపుమంటంతా అదే. అబద్ధమాడి పంపించి ఉంటే నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని.

నాన్న పోయాడు. మీటింగ్‌లో కూర్చున్నాడు, టీ తాగాడు, ఫోటో దిగాడు.

తిరిగి వస్తుంటే, ఇంకా పొద్దుండగానే, ఊరి బయట అవతలి పార్టీ వాళ్లు జీపు అడ్డం పెట్టారు.

పిన్ను కోటుకే ఉంది.

వాళ్లకెలా తెలిసిందో తర్వాత తెలిసింది. వేరే ఊరి మెంబర్ వస్తే, జమ్మలమడుగు క్లబ్‌లో గేటు దగ్గర నల్లబోర్డు మీద పేరు రాసి స్వాగతం చెప్పేవాళ్లు. మామ ముందురోజే వాళ్లకు ఫోన్ చేశాడట. మా బావ వస్తున్నాడు, ఇంటిపేరుతో సహా పెద్దక్షరాలతో రాయండి అని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బోర్డు రోడ్డు మీదికే ఉంది. పరామర్శకు వచ్చిన ఆ క్లబ్ ఆయన అమ్మకు చెప్పి ఏడ్చాడు.

కర్మంతరాలయ్యాక క్లబ్‌లో సంతాప సభ పెట్టారు. అమ్మనూ నన్నూ ముందు వరుసలో కూర్చోబెట్టారు. మౌనం పాటించారు. మామ గంట కొట్టి లేచాడు.

"మా బావ ప్రాణం పోయే పొద్దు కూడా హాజరు తప్పలేదు. ఈసారీ మన క్లబ్‌ది నూటికి నూరు" అన్నాడు.

వెనక ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

నా చేతిలో కలర్ సోడా ఉంది. అమ్మ దాన్ని లాక్కుని కుర్చీ కింద పెట్టి, నన్ను లేపుకుని వచ్చేసింది.

మమ్మల్ని సాకింది మామే. నన్ను చదివించాడు, గండి గుడిలో పెళ్లి చేశాడు. ఏ లోటూ చేయలేదు. అమ్మ ఆయనకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

పెళ్లి మాట్లాడుకోవడానికి గండికి పోయి వస్తూ, పులివెందుల బస్టాండులో ఒకసారి అడిగేశాను.

"మామా, ఆ బోర్డు మీద నాయన పేరు రాయమన్నది నువ్వేనా?"

"రాయకుంటే మర్యాద యాడుంటాది పాపా?" అన్నాడు. చెరుకురసం తాగుతావా అని కూడా అడిగాడు.

నేను కాచుకున్నది ఒక్క మాట కోసం. తప్పయిపోయింది అని. అమ్మ కూడా దానికోసమే నోరు కట్టుకుని కూర్చుందని నాకు తెలుసు.

పోయిన గురువారం ఆసుపత్రిలో మామ నా చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ పక్కనే ఉంది. ఆయన పెదాలు కదిలాయి. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను.

"ఈ పొద్దు ఏం వారం పాపా?"

"గురువారం మామా."

"మీటింగ్ పాయనే" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా నాన్న కోసం ఆయన కంట్లో ఒక్క చుక్క నేను చూడలేదు.

"దానికేముంది మామా, జమ్మలమడుగులో చేసుకుందువులే" అన్నాను.

చెయ్యి వదిలేశాడు. గోడవైపు తిరిగాడు. నేనున్నంతసేపూ మళ్లీ ఇటు తిరగలేదు.

అమ్మ ఫ్లాస్కులోంచి కాఫీ వంచి నాకిచ్చింది.

కామెంట్లలో తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి. అన్నందుకు నాకు బాధ లేదు. గోడవైపు తిరిగి ఆయన ఏమనుకున్నాడో తెలియదే, అదొక్కటే బాధ.

రేపు గురువారం. క్లబ్‌లో మామకు మౌనం పాటిస్తారట. పాటించండి. ఆ తర్వాత హాజరు మాత్రం చదవకండి.

పోయిరా మామా. ఆడ మా నాయన ఎదురైతే, ముందు నువ్వే నోరు తెరువు. ఆ ఒక్క మాట చెప్పు.

తర్వాత నిమ్మళంగా పడుకో.