చేప తల ముంగట

"బండి నేను తీస్కపోత వదినా. కొత్తపేటల నాకు తెల్సినోడున్నడు. మనం చాయ్ తాగేలోపు చైన్ మార్చి ఇస్తడు," అన్నాడు మా మరిది. తుర్కయంజాల్ నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విడవలేదు.

వద్దన్నాను. చైను ఇంట్లోనే మారుస్తానన్నాను.

అతను నన్నూ, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న వాళ్ళన్ననూ మార్చి మార్చి చూశాడు. "ఎవరు, నువ్వా?" అన్నాడు. పానా పట్టిన ఆడమనిషిని ఎప్పుడూ చూడలేదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. వాళ్ళన్నకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చి స్నానం చేయించి వెళ్ళే మనిషి. అతని మీద నోరు పారేసుకుంటే కళ్ళు పోతాయి.

"చైన్ సంగతి ఇడ్వు వదినా. అసలు గా బండి ఇప్పుడు ఎవరు నడుపుతరు?" అన్నాడు మెల్లగా.

దానికి నా దగ్గర జవాబు ఉంది గానీ, అది మా ఆయన ముందు చెప్పేది కాదు. నాక్కావలసింది బండి కాదు. ఆయన మాట. కుడిచెయ్యి పడిపోయిన రోజునే ఆయనకు మాట కూడా పడిపోయింది. కాలు కొంచెం తిరిగి వచ్చింది, మాట రాలేదు. ఆయన మాట ఎప్పుడూ ఆ చైను దగ్గరే ఉండేది. వెతుక్కోవలసి వస్తే అక్కడే వెతుక్కోవాలని నాకు అనిపించింది.

ఆయన ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బస్సుల ఆఫీసులో కౌంటర్ చూసేవారు. రోజంతా ఊళ్ళ పేర్లు అరిచి, సీటు మార్చలేదని తిట్టేవాళ్ళకు, ఏసీ పనిచెయ్యడం లేదని తిట్టేవాళ్ళకు సర్దిచెప్పి ఇల్లు చేరేసరికి మాటలన్నీ అక్కడే అయిపోయేవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ కోసమని వచ్చిన తెనాలి పిల్లని. కిటికీ పక్క సీటు కావాలని ఆ కౌంటర్ దగ్గరే ఆయనతో పోట్లాడాను. సీటు ఇచ్చారు. తర్వాత పండక్కీ పబ్బానికీ ఊరెళ్ళినప్పుడల్లా అడక్కుండానే ఇచ్చారు. తెనాలి వాళ్ళకు నల్గొండ అల్లుడేంటని మావాళ్ళూ, నల్గొండోళ్ళకు ఆంధ్ర కోడలేందని వాళ్ళవాళ్ళూ కొన్నాళ్ళు మూతులు ముడుచుకుని, తర్వాత విసుగొచ్చి మానేశారు.

పెళ్ళయ్యాక చూస్తే ఇంట్లో ఆయన మాటలు మూడే. "పెట్టు", "చాలు", "పోతున్న". నేనేమో గోడతో కూడా మాట్లాడే మనిషిని. కొత్తలో నా మీద ఇష్టం లేదేమోనని ఏడ్చాను కూడా. ఒక ఆదివారం బండి బాగుచేసుకుంటూ, చక్రం కాస్త తిప్పమని పిలిచారు. తిప్పుతున్నాను. ఉన్నట్టుండి, "గా కిటికీ సీటు ఇయ్యకపోతే బతికిపోయెటోన్ని," అన్నారు. తల ఎత్తలేదు. చెవుల దాకా నవ్వుతున్నారు. అప్పుడు అర్థమైంది నాకు, ఈయన చేతులు ఖాళీగా ఉంటే నోరు తెరుచుకోదని.

మా సరూర్‌నగర్ గల్లీ చివరే మెకానిక్ షాపు ఉండేది. అక్కడ ఇస్తే అరగంట పని. ఈయనకు ఆదివారం మొత్తం కావాలి. పాత పేపర్లు పరచాలి, చిన్న డబ్బాలో కిరసనాయిలు పొయ్యాలి, అరిగిపోయిన టూత్ బ్రష్ వెతకాలి, బోల్టులన్నీ నా స్టీలు ప్లేటులో వెయ్యాలి. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, నేను వచ్చి చక్రం దగ్గర కూర్చోవాలి. షాపుకి ఇచ్చేస్తే పోయేదేముందని ఎన్నిసార్లు సణిగానో. ఆయనకు షాపు వాళ్ళ మీద కోపమేమీ లేదు. "ఆనికి పది బండ్లుంటయ్. నాకు ఒక్కటే," అనేవారు. పని అయ్యాక గ్రీజు వదలడానికి బట్టల సబ్బు పొడిలో పంచదార కలిపి చేతులు రుద్దుకునేవారు. అది కాఫీ డబ్బా పక్కనుండే నా మంచి పంచదార. "చక్కెర ఎంత పోయిందని?" అనేవారు. పంచదార అనండి అనేదాన్ని నేను.

చైను మార్చడంలో ఒక పద్ధతి ఉంది. పాతదాన్ని పూర్తిగా లాగెయ్యకూడదు. దాని లాకు ఊడదీసి, తోకకు కొత్త చైను తగిలించి, పాతదాన్ని మెల్లగా లాగుతూ ఉంటే, దాని వెనకే కొత్తది ఇంజన్ పక్కన ఉండే చిన్న పళ్ళచక్రం చుట్టూ తిరిగి బయటికి వస్తుంది. అలా కాకుండా తొందరపడి పాతది మొత్తం లాగేస్తే, మళ్ళీ ఇంజన్ పక్క మూత విప్పుకుంటూ కూర్చోవాలి. నేను చక్రం తిప్పుతుంటే ఆయన లాగేవారు. చైనుతో పాటు ఆయన లోపలున్నవి కూడా ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. నా ముఖం చూసేవారు కాదు. ఆ పళ్ళచక్రానికి చెప్పుకుంటున్నట్టు చెప్పేవారు. చిన్నప్పుడు వాళ్ళ నాయన కొట్టిన దెబ్బ గురించి. కౌంటర్ దగ్గరికి రోజూ వచ్చి, ఏ బస్సూ ఎక్కకుండా కూర్చుని పోయే ఒక ముసలాయన గురించి. మా అమ్మాయిని వరంగల్ హాస్టల్లో దింపి వచ్చిన రోజు, నాకు వినపడకుండా నల్లా తిప్పుకుని బాత్రూంలో ఏడ్చిన సంగతి కూడా నాకు చైను దగ్గరే తెలిసింది.

చివర్లో లాకు పెట్టే పని మాత్రం నాది. చైను రెండు కొసల్నీ కలిపే చోట పైన బిగించే చిన్న రేకు అది, అచ్చం చేపలా ఉంటుంది. మూసుకుని ఉన్న తల చైను పరుగెత్తే వైపుకు ఉండాలి, చీలి ఉన్న తోక వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే దారిలో దేనికో తగిలి ఊడిపోతుంది. "చేప తల ముంగట, తోక ఎన్క. మర్చిపోకు," అంటూ నా అరచేతిలో పెట్టేవారు, నీ వేళ్ళు సన్నగుంటయ్ అని. నేను ఊపిరి బిగబట్టి పెట్టేదాన్ని. పెట్టగానే ఆయన వంగి చూసి, "ఉల్టా," అనేవారు.

నేను హడలిపోయి ఊడదీసేదాన్ని. ఒకసారి ఆ రేకు ఎగిరి డ్రైనేజీ మూత మీద పడింది. తీరా చూస్తే నేను పెట్టింది సరిగ్గానే ఉండేది. "మరి ఉల్టా అన్నారేంటి?" అని మండిపడేదాన్ని. "ఊకె అన్న," అనేవారు. ఊకె ఏంటండీ, ఊరికే అనండి, అని నేను దిద్దేదాన్ని. చైను మార్చిన ప్రతిసారీ ఇదే. ప్రతిసారీ ఉల్టా అనేవారు, ప్రతిసారీ నేను నమ్మేదాన్ని. తెలివైనదాన్నని మా తెనాలిలో పేరు నాకు.

ఊరుకున్నంత ఉత్తమం లేదని ఎవరన్నారో గానీ, వాళ్ళింట్లో ఎవరికీ మాట పడిపోయి ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాట నేర్పే మేడం దగ్గరికి తీసుకెళుతున్నాను. చిన్నది, ఓపిక ఉన్న పిల్ల. రంగురంగుల బొమ్మల కార్డులు చూపించి, ఇదేంటి సార్, కాకి అనండి, కుర్చీ అనండి అంటుంది. ఆయన కార్డు వంక కాక గోడ వంక చూస్తారు. జీవితమంతా వందల మందికి సమాధానం చెప్పిన మనిషి. కాకి ముందు కూర్చోబెడితే సిగ్గుగా ఉంటుంది కదా. ఆ సిగ్గు చూడలేక నేను బయటికి వచ్చి మెట్ల మీద నిలబడేదాన్ని. వెనక్కి వచ్చేటప్పుడు ఆటోలో నేనొక్కదాన్నే మాట్లాడుతూ వచ్చేదాన్ని, సిగ్నళ్ళ గురించీ, కూరగాయల గురించీ. ఆయన గొంతు నా చెవుల్లోంచి జారిపోతోందని భయం వేసేది. ఆయన "జర" అనేటప్పుడు రకారం ఎలా పలికేవారో గుర్తు తెచ్చుకోబోతే ఒక్కోసారి దొరికేది కాదు. ఇంట్లో ఉన్న మనిషి కోసం ఇంతగా బెంగపెట్టుకోవచ్చని నాకు అంతకు ముందు తెలియదు.

ఇంట్లో ఆయనకు బాగా అలవాటైన పనుల దగ్గర కూర్చోబెట్టండి ఆంటీ, అంది ఒకరోజు ఆ మేడం. అప్పుడు గుర్తొచ్చింది బండి. కదపకుండా వానాకాలమంతా గోడ పక్కనే ఉండిపోయింది. చైను తుప్పుపట్టి కర్రలా బిగుసుకుపోయింది. పళ్ళచక్రాలు మాత్రం బాగానే ఉన్నాయి. చైను ఒక్కటే కొనుక్కొచ్చాను. షాపతను, ఫిటింగ్ మా దగ్గరే చేయించుకోండి మేడం, అన్నాడు. నవ్వి వచ్చేశాను.

అందుకే మరిదిని వద్దన్నది. అతను ఒప్పుకోక ఒప్పుకున్నాడు. బండిని గుమ్మం ముందుకి తెచ్చి డబుల్ స్టాండ్ వేశాడు, బిగుసుకుపోయిన బోల్టులు వదులు చేశాడు, వాళ్ళన్న కుర్చీని వెనక చక్రం దగ్గరికి జరిపాడు. "అన్నా, వదిన షాప్ పెడ్తుందట, జర చూస్కో," అని చెప్పి, నేను కావాలని ఇచ్చిన సంచీ పట్టుకుని రైతుబజారుకు పోయాడు.

పేపర్లు పరిచాను. బోల్టులు నా స్టీలు ప్లేటులో వేశాను. ఆయన ఎడమచేతిని తీసి టైరు మీద పెట్టాను. ఆయన నా వంక చూశారు. "తిప్పండి," అన్నాను. తిప్పారు.

నేను ఒక ఎత్తు వేసుకుని కూర్చున్నాను. చివర్లో లాకు కావాలనే తిరగేసి పెడతాను. సరిగ్గా పెట్టినదాన్నే ఉల్టా అన్న మనిషి, నిజంగా ఉల్టా పెడితే ఊరుకుంటారా? పాత చైను తోకకు కొత్తది తగిలించాను. ఆయన తిప్పుతుంటే నేను లాగాను. తుప్పు రాలి నా చీర మీద పడింది. కొత్త చైను గ్రీజు మోచేతుల దాకా పాకింది. చిత్రమేమిటంటే, రోజంతా వాగే నాకు అప్పుడు వాగడానికి ఏమీ దొరకలేదు. ఆయన ముఖం చూడలేక పళ్ళచక్రం వంకే చూస్తూ ఉండిపోయాను. ఎలా వచ్చిందో, మాట దానంతటదే వచ్చింది.

"నాకు మీ గొంతు వినాలని ఉందండీ," అన్నాను. "ఏదో ఒకటి. తిట్టినా సరే. పొద్దున్నే లేచి 'పోతున్న' అని మీరు బండి తీస్తారేమోనని ఇప్పటికీ గుమ్మం వైపు చూస్తున్నాను. ఈ ఇంట్లో నా ఒక్కదాని గొంతే వినీ వినీ నాకే విసుగొస్తోంది."

చక్రం ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది. ఆయనెందుకు ఆపారో ముఖం చూస్తే తెలిసేదేమో. చూడలేదు.

కొత్త చైను రెండు కొసలూ కలిశాయి. చేపను చేతిలోకి తీసుకున్నాను. అనుకున్నట్టే తిరగేసి పెట్టి, పక్కకి జరిగి, ఆయనకు కనపడేలా చక్రాన్ని ఆపాను.

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. పెదవులు కదులుతాయేమోనని నేను వాటినే చూస్తున్నాను. కదల్లేదు. ఆయన చూపు రేకు మీద నుంచి నా చేతుల మీదికి, అక్కడి నుంచి గల్లీలోకి పోయింది. గల్లీలో పాత సామాను కొంటామని మైకులో అరుచుకుంటూ ఆటో ఒకటి పోతోంది.

అనవసరంగా ఆశపడ్డాననుకున్నాను. మరిది చెప్పినట్టు కొత్తపేటలో ఇచ్చేసి ఉంటే చాయ్ తాగేలోపు అయిపోయేది, ఈ గుండెకోత ఉండేది కాదు. బండిని ఎలాగూ ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాం, వాళ్ళు క్షేమంగా తిరగాలి కదా అని రేకు ఊడదీశాను. తల ముందుకు, తోక వెనక్కి ఉండేలా పెట్టి, కటింగ్ ప్లేయర్‌తో నొక్కాను. టక్కుమని కూర్చుంది. చెమటా కన్నీళ్ళూ తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాను గానీ చేతినిండా గ్రీజు. భుజంతోనే తుడుచుకున్నాను.

"ఉ... ల్టా."

పక్కింట్లోంచేమో అనుకున్నాను. తిరిగి చూస్తే ఆయన ముందుకు వంగి ఉన్నారు. ఎడమచేతి వేలు లాకు వైపే ఉంది.

వంగి చూశాను. తల ముందుకే ఉంది. తోక వెనక్కే ఉంది. కళ్ళు చికిలించి మళ్ళీ చూశాను, సరిగ్గానే ఉంది. మాటలు ఒకదానికి బదులు ఒకటి వస్తాయని మేడం ముందే చెప్పింది. మాట వచ్చింది గానీ మనిషి రాలేదా అనుకున్నాను. అయినా పాత భయం పాతదే. వేలితో ఆ రేకును ఊడదీయబోయాను.

అప్పుడు ఆయన ఎడమచెయ్యి వచ్చి నా చేతి మీద పడింది. తలెత్తాను. కుడివైపు పెదవి అలాగే వేలాడుతోంది. ఎడమవైపు మాత్రం చెవిదాకా నవ్వుతోంది.

"ఊ... కె," అన్నారు.

ఊకె కాదండీ, ఊరికే, అని దిద్దాలి నేను. నోరు రాలేదు.